పట్టపగలు వెలిగిన ఇల్లు

ఆ ఎండాకాలం మా ఇంట్లో పట్టపగలు దీపాలు వెలిగాయి. వంటింట్లో, నడింట్లో, వసారాలో, ఆఖరికి స్నానం చేసే దడిలో కూడా. మా వైపు బల్బును బుగ్గ అంటాం. బయట ఎండ నిప్పులు చెరుగుతుంటే లోపల ఆ బుగ్గలు జబ్బు మనిషి కళ్లలా పచ్చగా వెలుగుతుండేవి. మనిషి పోయిన ఇంట్లో పగలు దీపం పెడతారని అందరికీ తెలుసు. అందుకని మా గడప ముందు నుంచి పోయేవాళ్లు ఒకసారి లోపలికి తొంగిచూసి, మా అమ్మ బతికే ఉందని రూఢి చేసుకుని పోయేవారు.

మాది ముంపు ఊరు. శ్రీశైలం ఆనకట్ట కట్టినప్పుడు కృష్ణ వెనక్కి ఎగదన్నుకొచ్చి మింగిన ఊళ్లలో అదొకటి. నేను అప్పటికి పలక పట్టుకుని తిరిగే పిల్లను. ఊరిని గట్టు మీదికి తెచ్చి, తిన్నగా వీధులు గీసి, కాలనీ అన్నారు. నాన్న ఆ కాలనీలోనే పోయాడు. నేను సైన్సు టీచరునయ్యాను. పెళ్లి మాట వచ్చినప్పుడల్లా ఏదో ఒక వంక పెట్టి, వనపర్తి దిక్కు ఒక హైస్కూలుకు రోజూ బస్సులో పోయి వస్తూ అమ్మతోనే ఉండిపోయాను. నాకు నోరెక్కువ, ఓపిక తక్కువ. అమ్మకు నోరు తక్కువ, మొండితనం మా ఇద్దరికీ సరిపోయేంత.

నాకంటే ముందు అమ్మకు ఒక ఆడపిల్ల పుట్టింది. పేరు పెట్టకముందే పోయింది. అంత చిన్నపిల్లలను కాల్చరు కాబట్టి, మా ఏటి పక్క చేను గట్టున, తంగేడు పొద మొదట్లో పూడ్చారు. నక్కలు తవ్వకుండా పైన ఏదైనా బరువు పెట్టాలి. అమ్మ తన ఇసుర్రాయి పైరాయిని పెట్టించింది. కింది రాయి ఒక్కటే మాతోపాటు కాలనీకి వచ్చింది. జత లేని రాయి దేనికి పనికొస్తుంది? పెరట్లో ఊరికే పడి ఉండేది. పారేద్దామని ఒకసారి అన్నాను. అమ్మ చూసిన చూపుకు మళ్లీ ఆ ఊసెత్తలేదు.

అమ్మ ఆ పిల్లను ‘చిన్నది’ అనేది. నాకంటే పెద్దది, కానీ చిన్నది. నాకు తల నెరవడం మొదలైనా అది చిన్నదే. చలికాలం పొద్దున్నే లేచి, ‘చిన్నదానికి ఎంత సలి పెడుతుందో’ అని గొణుక్కునేది. చిన్నప్పుడు ఆ మాట వింటే నాకు వీపు మీద ఎవరో చల్లటి చెయ్యి పెట్టినట్టుండేది. పెద్దయ్యాక కూడా అలాగే ఉండేది, నిజం చెప్పాలంటే.

ప్రతి ఎండాకాలం ఆనకట్టలో నీళ్లు తగ్గి మా పాత ఊరి పైభాగం బయటపడుతుంది. జనం పోయి, పాత గుడి దగ్గర కొబ్బరికాయ కొట్టి, తమ తమ గోడలు చూసుకుని వస్తారు. మా చేను మాత్రం పల్లంలో, ఏటి వైపు ఉంది. మునిగినప్పటి నుంచి అది ఒక్క ఏడాది కూడా తేలలేదు. ఒక్కసారి ఆ రాయిని కళ్లతో చూసి, దాని ముందు దీపం పెట్టి రావాలి. అమ్మ కోరిక అదొక్కటే. చీర అడగలేదు, తీర్థయాత్ర అడగలేదు. ఎండాకాలం వచ్చినప్పుడల్లా, ‘ఈసారన్న తేలుతదా?’ అని మాత్రం అడిగేది.

అందుకే ఆమె తన గదిలోకి కరెంటు రానివ్వలేదు. ‘నా పిల్ల మీద నీళ్లు నిలవెట్టి తీసిన ఎలుగు నాకొద్దు’ అనేది. ఇల్లంతా బుగ్గలున్నా తన గదిలో కందిలి, అదే లాంతరు, ఒక్కటే. కంట్రోలు దుకాణంలో కిరసనాయిలు ఇస్తారు, మా వైపు దాన్ని గాసునూనె అంటాం. అది అయిపోతే చీకట్లో కూచునేది తప్ప స్విచ్చు మీద చెయ్యి వేసేది కాదు.

ఒక సాయంత్రం నేను వసారాలో కూచుని బడికి చార్టు గీస్తున్నాను. తరిగిపోయే శక్తి వనరులు ఒక పక్క, తరగనివి మరో పక్క. ఏటా అదే పాఠం, ఏటా అదే ప్రశ్న: ఈ రెంటినీ పోల్చుము. పిల్లలు నిద్రలో లేపి అడిగినా చెప్తారు, నిద్రపోతూ కూడా చెప్తారు. అమ్మ తన కందిలి పట్టుకుని వచ్చి పక్కన చతికిలబడింది.

‘ఏందే గది? రెండు దొడ్లు గీసినవ్?’

‘ఈ దొడ్లె తరిగిపోయేటియి. బొగ్గు, పెట్రోలు, డీజిలు, నీ గాసునూనె. గా దొడ్లె తరగనియి. ఎండ, గాలి, పారే నీళ్లు.’

‘గాసునూనె ఎక్కడికెళ్లి వస్తదే?’

చెప్పాను. ఎన్నడో, కోట్ల ఏళ్ల కింద సముద్రంలో చచ్చిన పురుగూ పుట్రా, నాచూ నలుసూ నీళ్ల అడుగున పడి, పైన మట్టి మీద మట్టి పేరుకుని, ఆ బరువుకూ వేడికీ నలిగి నలిగి నూనె అయ్యాయని, తరగతిలో చెప్పినట్టే చెప్పాను. అమ్మ తన కందిలి వైపు తిరిగింది.

‘అంటే గిది సచ్చిపోయినోళ్లదా?’

‘మనుషులు గాదమ్మా. పురుగులు.’

‘నీళ్ల కింద, మట్టి కింద పెట్టి పైన బరువు పెడితే గిట్లయితదా?’

ఆమె ఏం అడుగుతోందో అర్థమయ్యేసరికి నా చేతిలో స్కెచ్ పెన్ను ఆగిపోయింది. ‘కోట్ల ఏండ్లు పడ్తదమ్మా’ అన్నాను.

‘ఎన్నేండ్లయినా, అయితే అయితది గద’ అంది. లేచి కందిలి వత్తి తగ్గించింది. మళ్లీ ఏదో తోచి వెనక్కి వచ్చింది. ‘నీళ్లు తరగయి అని రాసినవ్. మరి ఎండకాలం మన ఊరెట్ల తేలుతుంది?’

మంచి ప్రశ్నే. మా బడిలో ఏ పిల్లా అడగలేదు. ‘కరెంటు తియ్యనీకి నీళ్లు కిందికి ఇడుస్తరు గద. అందుకే దిగుతయి. మళ్ల వానొస్తే నిండుతయి. అందుకే తరగని దాంట్ల రాసిన.’

‘మనం బుగ్గ ఏస్తే గక్కడ నీళ్లు దిగుతయా?’

‘దిగుతయి’ అన్నాను, చార్టు మీద నుంచి తల ఎత్తకుండానే.

మర్నాడు బడి నుంచి వచ్చేసరికి ఇల్లంతా వెలుగుతోంది. అమ్మ గదిలో కొత్త తీగ, కొత్త హోల్డరు, దాంట్లో పెద్ద బుగ్గ. లైన్ల మీద పనిచేసే పక్కవీధి అబ్బాయిని పిలిచి పెట్టించుకుందట. ఇన్నేళ్లూ ఏ వెలుగునైతే ముట్టనని భీష్మించుకుందో దాని కింద మఠం వేసుకుని కూచుని, పైకి చూస్తోంది. నన్ను చూసి, ‘దిగనీ’ అంది. అంతే.

నేను ఊరుకుంటానా? ఎన్ని చెప్పాలో అన్నీ చెప్పాను. రాష్ట్రమంతా వాడే కరెంటులో మన నాలుగు బుగ్గలు ఏ మూలకని చెప్పాను. ఈ తీగలో వచ్చేదంతా ఆనకట్టది కాదు, బొగ్గు కాల్చి తీసింది కూడా కలిసే వస్తుందని చెప్పాను.

‘కలిస్తే కలవనీ. దాంట్ల మనది గూడ ఉన్నది గద’ అంది అమ్మ. ‘సుక్క సుక్కకు కుండ నిండుతదంటరు. ఎండేది గూడ గట్లనే.’

నా చదువంతా ఆ సామెత ముందు చేతులు కట్టుకుని నిలబడింది. కోపం వచ్చి రెండు బుగ్గలు ఆర్పాను. నేను చెప్పులు విప్పి వచ్చేలోపు మళ్లీ వెలిగాయి.

ఎదురింటామె నీళ్ల బిందె చంకన పెట్టుకుని నన్ను ఆపి, ‘మీ అమ్మకు పట్టపగలు సుక్కలు కనవడుతున్నయా ఏంది?’ అని పరాచికమాడింది. నవ్వి ఊరుకున్నాను. కానీ నవ్వే రోజులు కావవి. వరసగా వానలు ముఖం చాటేసిన కాలం. కాలనీ బోర్లు బురద కక్కి ఆగిపోయాయి. నీళ్ల ట్యాంకరు వస్తే బిందెలు కొట్టుకునేవి. గొడ్లను సంతకు తోలేసి సగం వీధులు పనులకు వలసపోయాయి. ఊరంతా వాన కోసం కప్పను కట్టెకు కట్టి, వేపమండలతో ఇల్లిల్లూ తిప్పుతుంటే, మా ఇంట్లో ఒక మనిషి నీళ్లు ఇంకా దిగాలని బుగ్గలు వెలిగిస్తోంది. కప్పతల్లి మా గడప ముందుకు వచ్చినప్పుడు అమ్మ తలుపు వేసుకుంది. అది చూసి నాకు భయమేసింది.

కరెంటు కోతలు కూడా ఎక్కువే. కోత పడితే అమ్మ బుగ్గ వైపు గుర్రుగా చూస్తూ కూచునేది. మిట్టమధ్యాహ్నం, ఎవరూ కదలని వేళ, ఉన్నట్టుండి కరెంటు వచ్చేది. అన్ని గదులూ ఒక్కసారి కళ్లు తెరిచేవి. ఆదివారాలు ఇంట్లో ఒక్కదాన్నే ఉన్నప్పుడు అలా అయితే, లేచి వీధి అరుగు మీదికి వచ్చి కూచునేదాన్ని.

మా చిన్నాయన, నాన్న తమ్ముడు, ఏటా నీళ్లు తగ్గిన ఒండ్రులో మినుములూ పుచ్చకాయలూ వేసేవాడు. దిగిపోతున్న నీళ్ల వెనకాలే డీజిలు ఇంజను ఈడ్చుకుంటూ పోయి పైరు తడుపుకునేవాడు. ‘కరెంటు దాని ఇష్టమొచ్చినప్పుడు వస్తది. డీజిలు నా డబ్బల ఉంటది’ అని ఆయన ధీమా. సాయంత్రం పొలం నుంచి వస్తూ మా వాకిట్లో ఆగి అమ్మకు కబురు చెప్పేవాడు.

‘వదినా, గుడి మెట్లు తేలినయ్.’

అమ్మ బుగ్గ వైపు చూసి తల ఊపేది, పనివాడిని మెచ్చుకున్నట్టు.

‘వదినా, ఊరబాయి గడ్డ తేలింది.’ ఇంకొన్నాళ్లకు, ‘వదినా, కుమ్మరోళ్ల వాడ మొత్తం బయటవడ్డది. నేను గూడ గిన్నేండ్లల్ల సూడలే.’

ఒకరోజు చూసి చూసి, వసారాలో బుగ్గ ఒక్కటి ఆర్పేశాను. అమ్మ గమనించలేదు. మర్నాటి సాయంత్రం చిన్నాయన వచ్చి, ‘ఇయ్యాల నీళ్లు జరుగలే వదినా, ఉన్నకాడ్నే ఉన్నయ్’ అన్నాడు. నేను సైన్సు టీచరును. పిల్లలకు మూఢనమ్మకాల మీద వక్తృత్వ పోటీలు పెట్టిస్తాను. గుట్టుగా వసారాలోకి పోయి ఆ బుగ్గ మళ్లీ వేశాను. 

చివరకు ఆ కబురు వచ్చింది. చిన్నాయన వాకిట్లో నిలబడి, తలపాగా తీసి చేతిలో పట్టుకున్నాడు. ‘మన చేను తేలింది వదినా.’

పొద్దున్నే ముగ్గురం బయలుదేరాం. అమ్మ కొత్త ప్రమిద, ఒత్తులు, మంచినూనె, తాగడానికి సీసాలో నీళ్లు సంచిలో పెట్టుకుంది. గట్టు దిగేసరికి లోకమంతా ఒకే రంగు. గోడలు, మెట్లు, మొండి చెట్లు, అన్నిటికీ ఒకే బూడిద రంగు బురద ఎండి అంటుకుని ఉంది. చెట్ల మోళ్లకు నత్తగుల్లలు. పిట్ట లేదు, కుక్క లేదు. ఎక్కడో ఏటి అంచున చిన్నాయన ఇంజను డుగుడుగుమంటోంది. తెల్లవారకముందే వచ్చి వేసి మా కోసం వెనక్కి వచ్చాడట. ఆ మోత తప్ప ఊళ్లో ఇంకో చప్పుడు లేదు.

అమ్మ ముందు నడుస్తోంది. మోకాళ్ల నొప్పులని రోజూ మూలిగే మనిషి అడుగు తడబడకుండా పోతోంది. ఖాళీగా ఉన్న చోట పక్కకు ఒత్తిగిలి నడిచింది. ‘గక్కడ మా అత్తోళ్ల గోడ ఉండె’ అంది. లేని గోడకు భుజం తగలకుండా తప్పుకుంది. ఇంకొంచెం దూరం పోయాక ఏమీ లేని చోట తల వంచి లోపలికి అడుగు పెట్టింది. మా ఇంటి ద్వారబంధం ఎత్తు తక్కువట. నేను తల వంచకుండానే పోయాను. పోయాక ఎందుకో వెనక్కి తిరిగి చూశాను.

చేను చేరేసరికి ఎండ ముదిరింది. అక్కడ తంగేడు పొద లేదు, గట్టు లేదు. అంతా పలకలు పలకలుగా పగిలిన ఒండ్రు. అమ్మ వెతకలేదు. తిన్నగా పోయి ఒక చోట కూచుని, చేత్తో మట్టి పెళ్లలు తీసింది. గుండ్రటి రాతి అంచు కనిపించింది. నడుమ బెజ్జం, పక్కన పిడి గుచ్చే చిన్న గుంత. మా పెరటి రాయికి జత అది. చిన్నాయన ముఖం పక్కకు తిప్పుకున్నాడు.

అమ్మ ప్రమిద బయటికి తీసింది. కానీ వెలిగించలేదు. రాయి పక్కనే ఒక నెర్రె నోరు తెరుచుకుని ఉంది, చెయ్యి పట్టేంత వెడల్పు. రాయి కింది దాకా పోయింది. అమ్మ దాంట్లోకి మోచేతి దాకా చెయ్యి పెట్టి, గబుక్కున తీసేసింది.

‘బొగ్గు లెక్క కాలుతుందే’ అంది నా వైపు తిరిగి. ‘లోపల బొగ్గు లెక్క కాలుతుంది.’

‘ఎండకు మట్టి అట్లనే కాలుతదమ్మా.’

ఆమె వినలేదు. పైకి చూసింది. మబ్బు నీడ అన్నది లేని ఆకాశం. మళ్లీ నెర్రె వైపు చూసింది. ‘సల్లగ పండుకున్నది. నేను దుప్పటి గుంజిన’ అంది. నా వైపు చూడకుండానే మళ్లీ అంది, ‘ఇన్ని దినాలు బుగ్గలేసి ఏసి, నా చేతుల్తోనే గుంజిన.’

సీసా మూత తీసి నీళ్లు నెర్రెలోకి పోసింది. అప్పుడు ఆ చప్పుడు వచ్చింది. లోపల్నుంచి, మెత్తగా, ఆగి ఆగి, గుటక వేస్తున్న చప్పుడు. పసిపిల్ల ఆత్రంగా పాలు మింగేటప్పుడు వచ్చే చప్పుడు అది. ముగ్గురం విన్నాం. నీళ్లు దిగే చోట లోపలి గాలి బుడగలై పైకి వస్తుంది, చప్పుడు అవుతుంది. నాకు తెలుసు. తెలిసి కూడా రెండు అడుగులు వెనక్కి వేశాను. అమ్మ మాత్రం ఇంకా వంగి, ‘తాగు తాగు, దూపైతుంది గద నీకు’ అంటూ సీసా ఖాళీ అయ్యేదాకా పోసింది.

చిన్నాయన ఏటి వైపు గబగబా నడిచాడు. కాసేపటికి ఇంజను మోత ఆగిపోయింది. సగం తడిసిన పైరును అలాగే వదిలేసి వచ్చాడు. ఆ తర్వాత ఆ ఏడాది ఆయన ఆ ఇంజను మళ్లీ వెయ్యలేదు. పుచ్చతీగలు కళ్లముందే మాడిపోతుంటే కూడా వెయ్యలేదు. ఎందుకని ఎవరైనా అడిగితే, ‘డీజిలు పిరమైంది, ఎవడు కొంటడు’ అనేవాడు.

ఇంటికి రాగానే అమ్మ బుగ్గలన్నీ ఆర్పింది. మీటరు దగ్గరికి పోయి ఫీజులు పీకి కొంగున ముడి వేసుకుంది. ‘నీళ్లు ఎక్కనీ’ అంది. సరే, కందిలన్నా వెలిగిద్దామని అగ్గిపెట్టె తీస్తే నా చెయ్యి పట్టుకుంది.

‘అది గూడ ఒద్దు. ఎవరి మీద కప్పిన మట్టి తీసి తెచ్చిన్రో. ఎవరి పిల్లలో.’

‘పురుగులమ్మా!’ అని అరిచాను.

‘పురుగుకు తల్లి లేదా?’

ఆ మాపటి నుంచి మాకు చీకటే. పొద్దు ఉండగానే వండుకుని, పొద్దు ఉండగానే తిని, తర్వాత గోడలకు ఆనుకుని కూచోవడం. నేను దిద్దాల్సిన పరీక్ష పేపర్లు బడిలోనే దిద్దుకునేదాన్ని. ‘తరిగిపోయే, తరగని శక్తి వనరులను పోల్చుము’ ప్రశ్నకు పిల్లలు చార్టులో ఉన్నది ఉన్నట్టు రాశారు. నిండుగా మార్కులు వేశాను. వేస్తూ, మా అమ్మ అయితే ఈ రెండు దొడ్లను ఎలా పంచి ఉండేదో ఆలోచించాను. ఏ వనరైనా తరుగుతుందా లేదా అని ఆమె చూడదు. దాన్ని తీస్తే ఎవరి మీది కప్పు తొలగుతుందని చూస్తుంది.

మా బడికి ఎవరో ఇచ్చిపోయిన సోలార్ దీపం ఒకటి బీరువా మీద దుమ్ము కొట్టుకుని ఉండేది. హెడ్మాస్టరును అడిగి ఇంటికి తెచ్చాను. పలకను పగలంతా మిద్దె మీద ఎండలో పెట్టి, సాయంత్రం మీట నొక్కితే తెల్లటి వెలుగు వచ్చింది. అమ్మ దగ్గరికి రాకుండా దూరం నుంచే అడిగింది.

‘దీంట్ల ఎవరున్నరు?’

‘ఎవ్వరు లేరమ్మా. ఎండ ఉన్నది, గంతే.’

‘గిది వెలిగితే ఏడనన్న ఏమన్న దిగుతదా?’

‘ఏం దిగదు.’

‘గా మీదున్న పొద్దుల ఎవరినన్న పూడ్చిపెట్టిన్రా?’

నవ్వు వచ్చింది, ఏడుపూ వచ్చింది. ‘పొద్దుల ఎవరిని పెడ్తరమ్మా’ అన్నాను. అప్పుడు దగ్గరికి వచ్చి, చెయ్యి అడ్డం పెట్టి వెలుగును చూసుకుంది. తన గదిలో మేకుకు తగిలించుకుంది. ఎండలు మండిపోతున్నాయి కాబట్టి దీపం బ్రహ్మాండంగా వెలిగేది. అమ్మ మాత్రం రోజూ దాని కింద ముడుచుకుని పడుకుని, ఎండ తగ్గలేదని అర్థం చేసుకుని, నిద్రలేకుండా దొర్లేది. తిండి తగ్గింది. తాగే నీళ్లలో సగం తాగి సగం పెరటి రాయి మీద పోసేది.

మృగశిర వచ్చింది, వాన రాలేదు. ఆరుద్ర కూడా అలాగే పోయింది. తర్వాత ఒకనాడు మధ్యాహ్నం బడిలో ఉండగా ఎండ మందగించింది. బస్సు దిగి ఇంటికి వచ్చేసరికి గాలి ఆగిపోయి ఉక్కపోతగా ఉంది. మర్నాడూ అంతే. పైన, కన్నడ దేశంలో వానలు పడి ఏరు కదిలిందని చెప్పుకున్నారు. చిన్నాయన ఎడ్లబండి మీద ఇంజను ఎక్కించుకుని ఇంటికి తెచ్చేసుకున్నాడు.

ఆ సాయంత్రం దీపాల వేళ మీట నొక్కితే సోలార్ దీపం ఎర్రగా వెలిగి, కొడిగట్టింది. నేను దాన్ని ఊపాను. అరచేత్తో రెండు దెబ్బలు వేశాను. ‘అవసరానికి పనికిరానిది నెత్తిన పెట్టుకుని తెచ్చిన’ అని తిట్టాను. తరగని శక్తి అట! రెండు రోజులు మబ్బు పడితే చాలు. చూస్తుండగానే ఆరిపోయింది.

‘కొట్టకే దాన్ని’ అంది అమ్మ చీకట్లోంచి. ఎన్నో నెలల తర్వాత ఆమె గొంతు మెత్తగా వినిపించింది. ‘మొగులైంది. ఆరిపోనీ.’

మంచం కిర్రుమంది. అమ్మ నడుం వాల్చింది. కొంగు ముడి విప్పినట్టుంది, ఫీజులు నేల మీద పడిన చప్పుడు అయింది. వాటిని తియ్యమని నాకు చెప్పలేదు, తను తియ్యలేదు. చీకట్లో తడుముకుంటూ పోయి ఆమె పక్కన కూచున్నాను. నా ఒడిలోకి దుప్పటి తోసింది.

‘నువ్వు గూడ పండుకో బిడ్డా’ అంది. ‘మీ అక్కకు కప్పుతున్నరు.’

మీ అక్క అని ఆమె అనడం నేను మొదటిసారి విన్నాను.